ముక్కు బరువు

పెంటప్ప నేల మీద బోర్లా పడుకుని, ట్రాలీ ముక్కు కింద ఇటుకలు పేర్చి, వాటి మీద కాటా పెట్టాడు. ముందు బండికి తగిలించే కొక్కేన్ని హమాలీలు ముక్కు అంటారు. చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, ముక్కును మెల్లగా కాటా మీదికి దించాడు. ముల్లు ముప్పై ఆరు కిలోల దగ్గర ఆగింది.

దాజీ పేట్ మగ్గాల వీధుల్లో ముప్పై ఏళ్లుగా నూలు చుట్టిన పడుగు బీములు మోసి మోసి అతని కుడి భుజం రెండు వేళ్లు కిందికి వంగింది. మొత్తం బరువులో పదో వంతు ముక్కు మీద పడాలి. తక్కువైతే ట్రాలీ ఊగి ఊగి ముందు బండినే పక్కకు లాగేస్తుంది. అలా బోల్తా పడ్డ ఒక ట్రాలీ కింద నుంచి తోటి హమాలీని బయటికి లాగిన నాటి నుంచి, కాటా పెట్టనిదే అతను ఏ బండినీ కదలనివ్వలేదు.

ఇవాళ ఎక్కించింది కోడలు కోమల్ సామాను. కొడుకు మంగేశ్ పోయి నాలుగేళ్లు. మొన్న సోమవారం కోమల్, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉండే ఋషికేశ్‌ను రిజిస్టర్ పెళ్లి చేసుకుంది. సాక్షి సంతకం పెంటప్పదే. అతని భార్య చంద్రభాగ మాత్రం వెళ్లలేదు.

"పోతే పోనీ. నా కొడుకు కొన్న మిషిని మాత్రం గడప దాటొద్దు" అన్నది. నాలుగేళ్లుగా కోమల్ కుట్టు కుట్టి ఇల్లు నడిపింది ఆ మిషను మీదే.

పెంటప్ప లేచి చొక్కా దుమ్ము దులుపుకున్నాడు.

"ఆరు క్వింటాళ్లయితది. అరవై రావాలె. ముందల బరువు చాల్తలేదు."

ట్రాలీని లాగే పికప్ డ్రైవర్ గణేశ్ లోపలికి తొంగి చూశాడు. ఇనుప బీరువా వెనక చివర ఉంది. దాన్ని కాస్త ముందుకు జరిపితే చాలు. ఆ సంగతి తనకు నేర్పింది పెంటప్పే. చెప్పబోయి, పెద్దాయన మొహం చూసి ఆగిపోయాడు.

పెంటప్ప ఇంట్లోకి వెళ్లాడు. చంద్రభాగ బీడీ ఆకు కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"మిషిని ముందల పెట్టకుంటే ట్రాలీ ఊగుతది. పిల్ల ఆ బండిలనే పోవాలె" అన్నాడు పెంటప్ప.

కత్తెర ఆగింది. "నిజంగనా?"

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెకు అతను అబద్ధం చెప్పి ఎరగడు.

"నిజంగనే" అన్నాడు, గోడవైపు చూస్తూ.

ఆమె చాట పక్కన పెట్టి లేచింది. మిషను ఇనుప కాళ్లు ఒకవైపు ఆమె పట్టింది, ఒకవైపు అతను. బయటికి వచ్చాక ఆమె కళ్లు వెనకనున్న బీరువా మీద కాసేపు నిలిచాయి. హమాలీ ఇంట్లో ఇన్నేళ్లు బతికిన మనిషి. కొంగుతో మిషను మీది దుమ్ము తుడిచి, తాడు అందించింది.

"జర గట్టిగ కట్టు."

మిషను ముందు వైపు కట్టేశాక ముల్లు అరవై మూడు చూపింది.

కోమల్ ఇద్దరి కాళ్లకూ మొక్కింది. "మామా, మందు గోలీలు మరువకు" అంది. అత్త వైపు తిరిగి తల వంచింది. చంద్రభాగ ఆమె తల మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

"పైలంగ పో బిడ్డా" అన్నాడు పెంటప్ప.

గణేశ్ బండి కదిలించాడు. ట్రాలీ ఏ మాత్రం ఊగకుండా కొంతం చౌక్ వైపు తిన్నగా సాగిపోయింది. అది మలుపు తిరిగేదాకా నిలబడి, ఇద్దరూ లోపలికి వచ్చారు.

మిషను పోయి ఖాళీ అయిన మూల, కిటికీ గూట్లో, చంద్రభాగ కొలతలకు కోమల్ కత్తిరించిన ఆకుపచ్చ రవిక ఉంది. ఒక చెయ్యి కుట్టి, రెండోది గుండుసూదులతో గుచ్చి.