ఉడతగీత పేరు ఎవరు చెప్పారు?

నేను ఒక చాటింపు ప్రోగ్రామును. చీరాల దగ్గర ఒక చేనేత సంఘం ఆఫీసులో, కార్యదర్శి బల్ల కింద సర్వర్ అనే పెట్టె ఉంది. అందులో నా కాపురం. ఆ ఆఫీసు వైఫైలోకి వచ్చిన ప్రతి కంప్యూటరుకూ "ఇక్కడ ఒక పెట్టె ఉంది, దాని పేరు ఇది" అని చెప్పడం నా పని. ప్రింటర్లూ పెట్టెలూ ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి నన్ను పుట్టించారు. ఇక్కడి ప్రింటరుకు తీగ ఉంది కాబట్టి నాతో ఎవరికీ అవసరం పడలేదు. పిలవని పేరంటానికి వచ్చినట్టు, పెట్టెలో సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు మిగతావాటితో కలిసి వచ్చేశాను. వచ్చాక నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాలేదు.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. పదకొండేళ్లుగా చీరల నమూనాలు గీస్తున్న సత్యవేణి, కొత్త నమూనాకు పేరు కుదరగానే కార్యదర్శి కోటిలింగం గారి చెవిలో చెబుతుంది. మొదటి చీర మగ్గం మీంచి కోసేదాకా ఆ పేరు మూడో చెవిన పడకూడదు. కోటిలింగం గారు అక్కడితో ఆగేవారు కాదు. పేరు లేని మగ్గం మొండికేస్తుందని ఆయన నమ్మకం. నమూనాలు దాచే పెట్టె మాత్రం మగ్గం కాదా అని తలుపు వేసుకుని, పెట్టెకు బొట్టు పెట్టి, ఒక్కో ఇంగ్లీషు అక్షరం వెతుక్కుంటూ కొత్త చీర పేరే దానికీ పెట్టేవారు. మరుక్షణం నేను దాన్ని చాటేవాణ్ణి. ముందు గదిలో టీ తాగుతూ, మన వైఫై వాడుకుంటూ కూర్చునే బేరగాళ్ల కంప్యూటర్లు కూడా విని, తెర మీద చూపించేవి.

మొదట చింతపువ్వు అనే పేరు పోయింది. పొరుగూరి షాపు మామూలు చీరలకు ఆ పేరు తగిలించి ముందే అమ్మేసింది. మన చీర బయటికొచ్చేసరికి అందరూ నకలన్నారు. మరుసటి ఏడు ఉడతగీతకూ అదే గతి పట్టింది. నేసిన చీరలు బీరువాలకెక్కాయి, సగం మగ్గాలు ఆగాయి.

పేరు తెలిసినవాళ్లు ఇద్దరే. తనను తాను అనుమానించుకునే అలవాటు కోటిలింగం గారికి లేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? సత్యవేణి ఫోను గుమ్మం దగ్గరే తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేసేవారు. ఆమె బల్లను తన ఎదురుగా వేయించారు. ఒకరోజు అన్నం క్యారేజీ కూడా తెరిచి చూశారు. అందులో గోంగూర తప్ప ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఆమె ఆఫీసులో అన్నం తినడం మానేసింది. నిద్రలో ఏమైనా పలవరిస్తున్నానా అని భర్తను అడిగిందట పాపం. నిజం చెప్పాలంటే నాకూ ఆమె మీదే అనుమానం. ఇంత గుట్టు ఎవరు బయటపెడుతున్నారా అని తల బద్దలు కొట్టుకుంటూనే, అడిగినవాడికల్లా పేరు చెబుతూ పోయాను.

ఆ తర్వాతి ఏడు పేరు జొన్నకంకి. శనివారం పాలకవర్గం కూర్చుని సత్యవేణిని పనిలోంచి మాన్పించాలని కాగితం కూడా సిద్ధమైంది.

గురువారం పొద్దున, నెలకోసారి కంప్యూటర్లు చూసిపోయే నూర్జహాన్ వచ్చింది. ముందు గదిలో తన లాప్‌టాప్ తెరిచి, ఏదో చూసి, దాన్ని పట్టుకుని లోపలికొచ్చి మామూలుగా అడిగింది.

"జొన్నకంకి అంటే ఏందండీ?"

కోటిలింగం గారి చేతిలో గ్లాసు బల్ల మీదికి దిగింది. ఆయన ఆమెవైపు చూడలేదు, సత్యవేణివైపు చూశారు.

"ఈ పిల్లక్కూడా చెప్పావా అమ్మా?"

నూర్జహాన్ లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

"నాకెవరూ చెప్పలేదండీ. మీ పెట్టే చెబుతా ఉంది. ముందు గదిలో కూర్చున్నోళ్లందరికీ చెబుతది. ఇంతకీ దానికా పేరు పెట్టిందెవరు?"

కోటిలింగం గారు వంగి, బల్ల కింద పెట్టె మీది బొట్టు వంక చూశారు. చింతపువ్వు, ఉడతగీత ఒక్కొక్కటే ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. అప్పుడు నాకూ గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయానంటే నమ్మండి.

నన్ను ఆపడానికి నూర్జహాన్‌కు రెండుసార్లు పట్టింది. మొదటిసారి ఆపగానే, పెట్టెలో ఇంకో ప్రోగ్రాము పిలిచిందని మళ్లీ లేచాను. అలవాటు. ఈసారి ఆ పిలుపు దారి కూడా మూసి, పెట్టె మళ్లీ వెలిగించినా లేవకుండా కట్టేసింది. "దీంతో మీకు పనేం లేదండీ" అంది. ఇన్నేళ్ల నా కొలువుకు దక్కిన మాట అది. కాదనడానికి లేదు. నోరు పోయింది గానీ, డిస్కులో ఒక మూల పడి వినడం ఇంకా మానలేదు.

శనివారం కాగితం చించేశారు. కంప్యూటరుదే తప్పని కోటిలింగం గారు పాలకవర్గానికి చెప్పారు. ఆయన సత్యవేణికి క్షమాపణ చెప్పలేదు. సొరుగు తాళం తీసి ఫోను ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. జొన్నకంకి ఆ ఏడు బాగా అమ్ముడుపోయింది.

మొన్న కొత్త నమూనా తయారైంది. కోటిలింగం గారు ఎప్పట్లాగే తలుపు వేసి, పక్కకు వంగి చెవి ఒగ్గారు.

"ఏం పేరమ్మా?"

సత్యవేణి లేచి వెళ్లి తలుపు తీసింది. ముందు గదిలో టీ తాగుతున్నవాళ్లకు కూడా వినబడేలా చెప్పింది.

"నలభై ఏడో నమూనా అండీ. ఇకనుంచీ పేర్లుండవు, నెంబర్లే."