ఇంటర్వ్యూ రోజున విప్పిన సంచి

రా తల్లీ, ఆ గుమ్మం దగ్గరే నిలబడితే నా మాట నీకు వినబడదు. ఇట్లా అలమర పక్కకు జరిగి కూర్చో. నా గొంతు పల్చన, గుడ్డ అంతకన్నా పల్చన.

నేను ఒక సంచిని. సంచి అనగానే కూరగాయలు తెచ్చుకునేది అనుకునేవు, అది మాకు దూరపు చుట్టం. నేను పొద్దుతిరుగుడు పువ్వుకు తొడిగే సంచిని. మొగ్గ విచ్చుకోబోయే ముందు నన్ను దాని మీద వేసి, కింద నాడా బిగించి కడతారు. గాలి దూరుతుంది, వెలుగు దూరుతుంది, తేనెటీగ మాత్రం దూరలేదు. నా జన్మంతా ఆ ఈగను ఆపడానికే. చదువు లేనిదాన్ని కాబట్టి ఒక్క పనే నేర్చుకున్నాను. పది పనులు నేర్చుకుని ఒక్కటీ చేయకుండా ఉండే యోగం నాకు రాసిపెట్టి లేదు.

ఈగంటే నాకు పగ అనుకోకు. రైతు చేలో ఈగ ఎంత తిరిగితే అంత గింజ. కానీ పరిశోధనా కేంద్రం చేలో ఒక్కో వరుసది ఒక్కో వంశం. ఈగ పక్క వరుస పుప్పొడి తెచ్చి ఇక్కడ రాల్చిందంటే గింజ పడుతుంది, ఆ గింజకు తండ్రి ఎవరో చెప్పగలిగినవాడు మాత్రం ఉండడు. అది గానుగకు పనికొస్తుంది, రేపటి విత్తనానికి పనికిరాదు. అందుకని నన్ను పొద్దున్నే విప్పి, ఆ వరుస పుప్పొడినే మెత్తటి కుంచెతో అద్ది, మళ్లీ కడతారు. మనుషుల పెళ్లిళ్ల కన్నా ఇది నయం తల్లీ, జాతకాలు చూడరు.

నన్ను కుట్టింది మౌలాలి. ఆదోని పోయే దారిలో, నల్లరేగడి నేలల మధ్య, విశ్వవిద్యాలయం వారి పరిశోధనా కేంద్రం ఉంది కదా, దాని గేటు ఎదుటే ఆయన మిషను. పొద్దుతిరుగుడు శాస్త్రవేత్త అశ్వత్థ సార్ గుడ్డ తాను పట్టుకుని వెళ్లి సంచులు కుట్టమన్నాడు.

"ఎవరి తలకు సార్ ఈ కుళ్లాయి?" అన్నాడు మౌలాలి.

సార్ చంకలోని పువ్వు తీసి బల్ల మీద పెట్టాడు. మౌలాలి నవ్వలేదు. టేపు తీసి, పెళ్లికొడుకును కొలిచినట్లు దాన్ని చుట్టూ కొలిచి, "రొంత వదులు పెడతా సార్, పెరిగే వయసు" అన్నాడు. అంత మర్యాదగా పుట్టాను నేను.

అంతకు ముందటి ఏడే తెగులొచ్చి చుట్టుపక్కల పొద్దుతిరుగుడంతా నిలువునా మాడిపోయింది. కేంద్రం చేలో ఒక్క మొక్క మాత్రం ఏమీ ఎరగనట్లు పచ్చగా నిలబడింది. దాన్ని ముందు చూసింది సార్ కాదు, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న హంపమ్మ. ఆదోని వైపు అమ్మాయి, తల మీద తువ్వాలు కప్పుకుని చేలోనే ఉండేది. ఆ మొక్క గింజను వంశంగా నిలబెట్టడానికే మేమంతా కుట్టబడ్డాం. ఏటేటా సంచి కట్టడం, కుంచె అద్దడం, తెగులు మధ్యలో వేసి పరీక్షించడం. ఆ మూల విత్తనం ఇద్దరి చేతుల మీదా పెరిగింది.

తర్వాత హంపమ్మ చదువు ముగిసి డాక్టర్ హంపమ్మ అయింది. పొద్దుతిరుగుడులో ఆరితేరింది కాబట్టి, ఎక్కడో ఉత్తరాన ఒక విత్తనాల కంపెనీ వాళ్లు పిలిచి మొక్కజొన్న అప్పగించారు. అశ్వత్థ సార్ రిటైరై వెళ్లిపోయాడు. ఆయన కుర్చీ ఖాళీ అయింది.

ఖాళీ కుర్చీ నింపడం విశ్వవిద్యాలయానికి ఎంత కష్టమో నీకేం తెలుసు. అది ఖాళీగా ఉందని ముందు ఎవరైనా ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలా వద్దా అని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. వాళ్లు టీ తాగి ఒప్పుకున్నారు. ప్రకటన వేసేసరికి ఎన్నికలొచ్చాయి, ఆపారు. మళ్లీ వేస్తే ఎవరో కోర్టుకెళ్లారు. ఆ తగాదా తీరేసరికి ప్రకటన మీద సంతకం పెట్టాల్సిన ఆయన రిటైరయ్యాడు, ఇక ముందు ఆయన కుర్చీ నింపాలి కదా.

ఈలోగా పొద్దుతిరుగుడు విభాగాన్ని డాక్టర్ జగన్నాథం గారికి అదనంగా అప్పగించారు. ఆయన వరి శాస్త్రవేత్త. వరి గురించి ఆయనకు తెలియనిది లేదు, ఆ నేలలో వరి లేదు. మంచి మనిషే, ఎవరినీ ఒక మాట అనడు, ఏ పనీ చేయడు. నన్ను ఆయన జీపు అద్దాలకు వాడాడు, ఓసారి టిఫిన్ క్యారియరుకు తొడిగాడు. పడేసినప్పుడల్లా సుంకమ్మ ఏరుకొచ్చి ఉతికి ఆరేసేది. సుంకమ్మ అశ్వత్థ సార్ నాటి నుంచి ఆ చేలో కూలికి వస్తున్న మనిషి.

గింజ కూడా మనిషిలాంటిదే, పెట్టెలో పెట్టి మరిచిపోతే ముసలిదవుతుంది. కొన్నేళ్లకొకసారి నాటి కొత్త గింజ తీసుకోకపోతే మొలక చచ్చిపోతుంది. ఆ మూల విత్తనం అలా తగ్గుతూ తగ్గుతూ చివరి గుప్పెడు మిగిలింది. ఆ గుప్పెడూ నాటారు. ఈసారి మంచి గింజ రాకపోతే ఆ వంశం అంతటితో సరి. సుంకమ్మ అలవాటు కొద్దీ మమ్మల్ని కట్టింది.

సరిగ్గా ఆ పూత మీదనే, ఎట్టకేలకు, సీనియర్ శాస్త్రవేత్త పోస్టుకు ఇంటర్వ్యూ పెట్టారు. అదీ కేంద్రంలోనే. పెద్దలు చేను చూసినట్లూ ఉంటుంది, ఎంపిక చేసినట్లూ ఉంటుంది అని. హంపమ్మ దరఖాస్తు చేసుకుంది. వయసు హద్దు దాటడానికి అంచున ఉంది, ఇది పోతే ఆమెకు మళ్లీ పొద్దుతిరుగుడు లేదు.

ఇంటర్వ్యూ నాటి పొద్దున్నే జగన్నాథం గారు చేనంతా కలియజూసి మొహం చిట్లించారు.

"ఏంటమ్మా సుంకమ్మా ఇది. తలకు కట్లు కట్టుకున్న రోగుల్లా ఉన్నాయి. పెద్దవాళ్లు ఫొటో దిగితే ఆస్పత్రి వార్డులో దిగినట్లు ఉండదూ. అన్నీ విప్పెయ్."

"పూత మీదుండాయి సార్, ఇప్పకూడదు."

"ఒక్క పూటేగా. సాయంత్రం మళ్లీ కట్టేద్దువు."

విప్పించారు. మమ్మల్ని గట్టు మీద కుప్ప పోశారు. చేను మాత్రం, నిజం చెప్పాలి, పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. పెద్దలు వచ్చారు, నడుముల మీద చేతులు పెట్టుకుని ఫొటో దిగారు, వెనక తేనెటీగలు కూడా పడ్డాయి. "ప్రకృతి" అన్నాడు వాళ్లలో ఒకాయన.

వాళ్లు లోపలికి నడుస్తుండగా హంపమ్మ బస్సు దిగి, ఆఫీసుకు కాకుండా నేరుగా చేలోకి వచ్చింది. జరీ అంచు చీర, చేతిలో ఫైలు. గట్టు మీద మమ్మల్ని చూసింది, చేను చూసింది.

"సార్, ఇవి ఎవరు ఇప్పమన్నారు?"

"నేనేనమ్మా. చూడటానికి బాగుండాలి కదా," అన్నారు జగన్నాథం గారు. "ఓ పూట ముసుగు తీస్తే ఏమవుతుంది."

"మీరు వరిలో పని చేసినారు కదా సార్."

"ఇరవై ఏళ్లు."

"అందుకే," అంది హంపమ్మ. వరికి ఈగతో పనిలేదు తల్లీ, దాని కాపురం అది తలుపేసుకుని చేసుకుంటుంది.

జగన్నాథం గారికి అది పొగడ్తలా వినిపించింది కాబోలు, మెత్తగా చెప్పారు. "మీరు వెళ్లి వరండాలో కూర్చోండి. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. పిలిచినప్పుడు లేకపోతే పేరు దాటేస్తారు."

ఆయన వెళ్లాక ఆమె ఒక పువ్వు వంచి పట్టుకుంది. పొద్దుతిరుగుడు ఒక్క పువ్వు కాదు, వందల చిరుపూల గుంపు. అంచు నుంచి మొదలుపెట్టి, రోజుకు కొన్ని చొప్పున నడిమికి విచ్చుకుంటూ పోతాయి.

"చూడు సుంకమ్మక్కా. అంచువి సంచిలో ఉన్నప్పుడే గింజ పట్టినాయి, వాటికి భయం లేదు. నడిమివి ఇంకా ఇచ్చుకోలే. ఈగ వాలింది ఈ మధ్య పట్టీ మీదనే. దీన్ని గిల్లేసి, మళ్లా సంచి కడితే మిగతాది దక్కుతుంది."

"రేపు గిల్లుకుందాం మేడమ్. ఈ పొద్దు మీకు ఇంటర్వ్యూ కదా."

"రేపటికి ఈ పట్టీ వాడిపోయి అంచులో కలిసిపోతాది. ఇంగ ఏది మనదో, ఏది ఈగదో తెలీదు. చేనంతా నూనెకు పోసుకోవాల్సిందే."

"నేను గిల్లుతాలే, మీరు పోండి."

"నువ్వొక్కదానివే ఈ వరుసలన్నీ చీకటి పడేలోగా గిల్లగలవా?"

సుంకమ్మ వరుసల వైపు చూసింది. హంపమ్మ ఫైలు గట్టు మీద పెట్టి, జరీ కొంగు నడుముకు దోపింది.

నేను ఆ తర్వాతది చూడలేదు. అటెండరు మద్దిలేటి వచ్చి, బల్ల తుడవడానికి గుడ్డ కావాలని కుప్పలోంచి నన్ను లాక్కుపోయాడు. అలా నాకు సెలెక్షన్ కమిటీలో స్థానం దొరికింది. అర్హత ఏమిటని ఎవరూ అడగలేదు. అక్కడ ఎవరినీ అడిగినట్లు లేదు. ఒకాయన కోళ్లవాడు, ఒకాయన లెక్కలవాడు, అధ్యక్షుడు చేపల మీద పుస్తకం రాసినవాడు. పొద్దుతిరుగుడు తెలిసినవాడు ఒకడు తప్పక ఉండాలని నియమం ఉందట, ఆయనకు ఆ రోజు జ్వరం. కేంద్రం తరఫున జగన్నాథం గారు ఓ పక్కన కూర్చున్నారు.

ముందు పిలిచిన అభ్యర్థి డాక్టర్ కిరీటి. చురుకైన మనిషి, కంప్యూటర్ తెర మీద పొద్దుతిరుగుడును ముక్కలు ముక్కలుగా చూపించాడు. పెద్దలు తల ఊపారు. మధ్యాహ్నం భోజనానికి లేచి, మళ్లీ ఆయనతోనే కూర్చున్నాక, కోళ్లాయన కిటికీలోంచి చూసి అడిగాడు.

"పొద్దు పడమటికి వాలింది. ఇవి ఇంకా తూర్పుకే చూస్తున్నాయేం?"

"నీళ్లు తక్కువయ్యాయి సార్," అన్నారు జగన్నాథం గారు.

పూసిన పువ్వు ఇక తిరగదు, తూర్పుకే ఉండిపోతుంది. ఆ సంగతి కిరీటికి తెలుసు. చెప్పబోయి, పెద్దల మొహాలు చూశాడు. "అవును సార్, నీటి ఎద్దడే," అన్నాడు. గది అంతా తృప్తిగా నిట్టూర్చింది. అక్కడే ఉద్యోగం ఇచ్చేశారని నాకు అర్థమైంది, ఇంటర్వ్యూ మాత్రం ఇంకో గంట సాగింది.

అధ్యక్షుడు కూడా కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. చేలో ఇద్దరు ఆడవాళ్లు వంగి ఒక్కో పువ్వూ గిల్లుతున్నారు. "మీ కూలీలు మాత్రం బాగా పని చేస్తారండీ. మధ్యాహ్నం నుంచి చూస్తున్నాను, నడుము ఎత్తలేదు."

"మేం అలా అలవాటు చేశాం సార్," అన్నారు జగన్నాథం గారు. ఆ ఇద్దరిలో ఒకరు ఎవరో ఆయనకు తెలుసు.

తర్వాత మద్దిలేటి వరండాలో నిలబడి, "డాక్టర్ హంపమ్మ," అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. పాపం చేను వైపు తిరిగి కూడా పిలిచాడు. అధ్యక్షుడు జగన్నాథం గారి వైపు చూశాడు.

"వచ్చినట్లు లేరు సార్," అన్నారు ఆయన.

పొద్దు గుంకే వేళకు తలుపు తోసుకుని ఆమే వచ్చింది. మోచేతుల దాకా పసుపు పొడి, చీరంతా నల్లమట్టి.

"ఎవరమ్మా?"

"హంపమ్మను సార్. ఇందాక మీరు పిలిచింది నన్నే."

జగన్నాథం గారు తన పెన్ను మూత తీసి, పెట్టి, తీశారు. అధ్యక్షుడు చెడ్డవాడు కాదు తల్లీ, అదే కష్టం. కుర్చీ చూపించి, "నేను నియమాలు పట్టుకుని వేలాడే మనిషిని కాను. కూర్చోండి, అయిదు నిమిషాలు మాట్లాడదాం," అన్నాడు.

ఆమె కుర్చీ వైపు చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలుసు, నేను చెప్పను.

"ఒక్క పువ్వు మిగిలింది సార్. వెలుగు పోకముందే గిల్లి, కట్టి వస్తా."

"మాకు రైలు టైమవుతోందమ్మా."

"ఒక సంచి తక్కువైంది, దానికోసం వచ్చినా. మీరు టీ గ్లాసు కింద పెట్టుకున్నారు."

అధ్యక్షుడు గ్లాసు ఎత్తాడు. ఆమె నన్ను తీసుకుని దులిపింది. "మంచిది సార్, మీరు బయల్దేరండి," అని గుమ్మం దాటింది. నేరుగా చేలోకి నడిచింది. ఆ చివరి పువ్వు గిల్లి, నన్ను తొడిగింది.

ఆమె నాడా బిగిస్తుండగా కార్లు వెళ్లిపోయిన చప్పుడు నేనూ విన్నాను, ఆమె కూడా విన్నది. సుంకమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "కాళ్లు చేతులు కడుక్కోండి మేడమ్, బస్సుండాది," అంది.

ఉద్యోగం కిరీటికి వచ్చింది. చేరిన వారానికే హైదరాబాదుకు డిప్యుటేషన్ మీద వెళ్లాడు, అక్కడ కంప్యూటర్లు బాగుంటాయట. తలుపు మీద ఆయన పేరు ఉంది, రోజూ మద్దిలేటి తుడుస్తాడు. కుర్చీ ఖాళీ లేదు కాబట్టి ఇక ప్రకటన కూడా వేయక్కర్లేదు. మనిషే లేడు, అంతే. ఆ ఏడు గింజ కోసినప్పుడు ప్రతి పువ్వుకూ అంచుకూ నడిమికీ మధ్య, గిల్లిన చోట, బోడి పట్టీ ఉంది. దాన్ని ఫొటో తీసి, అపురూపమైన మూల విత్తనాన్ని కాపాడామని జగన్నాథం గారు ఒక సభలో చెప్పి శాలువా కప్పించుకున్నారు. చలికి ఆయనకు పనికొస్తుంది, కాదనను.

హంపమ్మ మళ్లీ తన మొక్కజొన్న దగ్గరికే పోయింది. పూత రోజులు వస్తే సుంకమ్మకు ఫోను చేస్తుంది. "కట్టినావా అక్కా?" "కట్టినా మేడమ్." అంతే మాట.

నన్ను ఇక పువ్వులకు కట్టరు, నేత వదిలిపోయింది. ఈ చల్లటి గదిలో ఆ గింజలే నా కడుపులో పోసి ఉంచారు. ముట్టుకుని చూడు, గట్టిగా ఉన్నాయి. తెగులు మళ్లీ వస్తుంది తల్లీ, రాక మానదు. ఆ రోజు ఎక్కడో ఒక చేను మాడకుండా పచ్చగా నిలబడితే, ఈ విత్తనం ఎవరిదని జనం అడుగుతారు. కాగితాల్లో జగన్నాథం గారి పేరుంటుంది, తలుపు మీద కిరీటి పేరుంటుంది. నువ్వు మాత్రం గుర్తు పెట్టుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పు. ఇది పిలిచినప్పుడు రాని హంపమ్మదని చెప్పు.