ఆరో ఈతకు గడువు

ఖాళీ తొట్టిని మూతితో నెట్టే చప్పుడు. ఇనుము గోడకు తగిలి టంగుమంది, ఆగింది, మళ్ళీ టంగుమంది. షెడ్డు తలుపు తీయకముందే అత్తకు అర్థమైంది, అది నూట పన్నెండో నంబరు పంది ఆకలని.

ఫారం ఆమె మేనల్లుడిది. అందుకే పనివాళ్ళందరికీ ఆమె అత్తే.

ఐదో ఈతలో పదమూడు పిల్లలకు పాలిచ్చిన ఆ తల్లి వాటిని విడిచి ఒక్క రోజే అయింది. మేనల్లుడు అప్పటికే దాని వీపు మీద ఎర్రగీత గీశాడు. గీత పడ్డదల్లా శనివారం కబేళా లారీ ఎక్కాలి.

"చిక్కి శల్యమైంది. దీని పని అయిపోయిందత్తా."

"ఎనిమిది పిల్లలున్నదానికీ పదమూడున్నదానికీ ఒకే డబ్బా దాణా పోయించావు. ఇది ఒళ్ళు కరిగించి పాలిచ్చింది. ముసలిది కాదురా, బాలింత!"

"మరేం చేద్దామంటావ్?"

"ఈ వారం వచ్చే ఎద వదిలెయ్. ఆ తర్వాతి ఎదకు దాటిద్దాం. చూలు నిలవకపోతే నేనే లారీ ఎక్కిస్తా."

"నువ్వూ ఎక్కుతావా?"

"ఎక్కుతా. రోజూ నీ మొహం చూసే బాధైనా తప్పుతుంది."

ఆనాటి నుంచి మూడు పూటలా తడిపిన దాణా. పొద్దున్నే దాని తుంటి మీద అత్త మూడు వేళ్ళు. మొదటి వారం వేలు ఆనిస్తే చాలు, ఎముక తగిలేది. రెండో వారం కాస్త నొక్కాల్సి వచ్చింది. నాలుగో వారానికి గట్టిగా నొక్కితే గాని దొరకలేదు. అత్త అక్కడితో దాణా తగ్గించింది. కొవ్వెక్కినా చూలుకు చేటే. ఆ వారమే పంది చెవులు నిక్కించి, నడుము మీద చెయ్యి వేస్తే కదలక నిలబడింది. దాటించారు.

నెల తిరిగాక డాక్టరు స్కానరుతో వచ్చాడు. బూడిదరంగు తెర మీద నల్లని బుడగలు, ఒకటి పక్కన ఒకటి.

"నిలిచింది," అన్నాడు డాక్టరు. "ఒళ్ళు కూడా సరిగ్గా ఉంది. ఎవరు చూస్తున్నారు దీన్ని?"

"మా అత్త," అన్నాడు మేనల్లుడు, తానే చూసినంత గొప్పగా. పంది తుంటి మీద చెయ్యి వేసి తడిమాడు. "ఎముక ఏదీ?"

"నొక్కరా, మొద్దూ!"

నొక్కాడు. దొరికింది. అత్త తన నడుము ఇంకాస్త నిటారుగా నిలిపింది.

డాక్టరు పంది కార్డు మీద కలం ఆనించాడు. "ఏమని రాయమంటారు?"

మేనల్లుడు పందిని చూశాడు, అత్తను చూశాడు, నవ్వాడు.

"గట్టిపిండం."