పాలెరగని కూజా

నేను ఒక మట్టి కూజాని. మరీ చిన్నదాన్ని, రెండు బుల్లి కప్పులు నిండేంత టీ పడుతుంది నాలో. గౌరీశంకర్ ఫోనుకి శుభవార్త వచ్చిన క్షణంలో నా కడుపులో ఊలాంగ్ అనే తేయాకు అప్పుడప్పుడే విచ్చుకుంటోంది. అతను ఫోను చెవికి ఆనించుకుని బాల్కనీలోకి పరుగెత్తాడు. కొత్త పెళ్లికూతురు ధరణి కప్పు పట్టుకుని అలాగే కూర్చుంది. నన్ను వంచేది అతను, మొదటి గుక్క తాగేది ఆమె. ఆ కాపురంలో అదొక ముచ్చట.

నేను పుట్టింది తైవాన్‌లో. మెరుగు పూయకుండా కాల్చారు కాబట్టి, పోసిన టీనల్లా నా ఒళ్లు కాస్త కాస్త తాగుతుంది. మబ్బులు తేయాకు తోటల్లోకి దిగే కొండ ఊళ్లో ఒక ముసలమ్మ ఏళ్ల తరబడి నాలో ఊలాంగ్ తప్ప వేరేది పోయలేదు. చివరికి ఉత్త వేణ్ణీళ్లు పోసినా పూలవాసన వచ్చేది. ఓడలో ఇంజనీరైన గౌరీశంకర్, ఓడ రేవులో ఆగినప్పుడు ఆ కొండెక్కి ఆమె కొట్లో టీ తాగాడు. పెళ్లి కుదిరిందనీ, ఇక ఓడ దిగిపోతున్నాననీ సైగలతో చెప్పాడు. ఆమె మురిసిపోయి నన్ను గుడ్డలో చుట్టి కానుకగా ఇచ్చింది. సబ్బు చూపించి వద్దంది. పాలు చూపించి వద్దంది. పొయ్యి చూపించి రెండు చేతులూ ఊపింది. అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. మాట ఇచ్చేటప్పుడు మనుషులు ఎంత అందంగా ఉంటారో!

విశాఖ వచ్చాక ఆ విద్యంతా ధరణికి నేర్పాడు. ఉండలు చుట్టుకున్న ఆకు మీద మరిగే నీళ్లు పోసి, మొదటి నీళ్లు పారబోయాలి. తర్వాత అదే ఆకు మీద మళ్లీ మళ్లీ వేణ్ణీళ్లు పోసుకోవాలి. ప్రతిసారీ రుచి మారుతుంది. ధరణి కళ్లు మూసుకుని చప్పరించి, "సంపెంగ! కాదు కాదు, ఉడికిన మొక్కజొన్న!" అని కేక పెట్టేది.

అత్తగారు పైడమ్మ గుమ్మంలోంచే వెక్కిరించేది. "పాల్లేవు, పంచదార లేదు, దాన్ని టీ అంతారేటే? జొరమొచ్చినోల్ల కసాయం!"

"ఒక్క గుక్క తాగి చూడండి అత్తయ్యా!"

"నాకేటీ జొరం రాలేదమ్మా."

ఇక ఓడెక్కను, ఒడ్డునే ఉద్యోగం చూసుకుంటానని పెళ్లికి ముందే అన్నాడు గౌరీశంకర్. ఆ మాట మీదే ధరణి పెళ్లికి ఒప్పుకుంది.

ఇప్పుడు ఫోను పెట్టేసి అతను బాల్కనీలోంచి ఎగురుకుంటూ వచ్చాడు. "చీఫ్ ఇంజనీర్‌ని చేశారు! తొమ్మిది నెలల ట్రిప్పు!"

"ఓడెక్కనన్నారుగా?"

"ఈ ఒక్కసారికే ధరణీ. ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందా?"

నాలో ఆకు నానీ నానీ చేదెక్కిపోయింది. ధరణి నన్ను తనే వంచుకుంది. ఆ చేదంతా ఒక్కతే తాగేసింది. ఈసారి పూల పేర్లేవీ చెప్పలేదు.

కబురు తెలిసి పక్క ఫ్లాట్లవాళ్లు వచ్చేశారు. స్వీట్లు పంచారు, అల్లం టీలు అయ్యాయి. ఆఖర్న పైఅంతస్తు పెద్దాయన వచ్చాడు. గిన్నెలన్నీ ఎంగిలివై సింకులో ఉన్నాయి.

"ఒరే, పెద్దాయనకి ఓ కప్పు టీ పెట్రా!" అంది పైడమ్మ.

గౌరీశంకర్ నన్ను అందుకుని పాలు పోశాడు, పంచదార వేశాడు, గ్యాసు వెలిగించాడు.

"అయ్యో, అది పొయ్యి మీదా!" అంది ధరణి.

"ఈ ఒక్కసారికేలే" అన్నాడు.

ఓడ గురించి అన్న మాటే నా గురించీ అన్నాడు. నా అడుగు టప్పుమని పగిలింది. పాలు మంట మీద పడి చుయ్యిమన్నాయి. ముసలమ్మ చేతి పూలవాసన మాడిన పాల కంపులో కలిసిపోయింది. పెద్దాయన మాత్రం పెద్దమనసుతో మంచినీళ్లు చాలన్నాడు.

అందరూ వెళ్లాక ధరణి నన్ను సబ్బుతో తోమింది. ఇక నాలో ఏ వాసన దాచుకోవాలని?

"బాధపడకు. రేపు ఆఫీసులో సంతకం పెట్టి వస్తూ మంచి జిగురు తెస్తా. అతికిద్దాం" అన్నాడు గౌరీశంకర్.

ఆమె నన్ను బోర్లించి పగులు మీద వేలు రాసింది.

"అక్కర్లేదు. రేపు పొద్దున్నే దీంట్లో పుదీనా నాటుతున్నాను. నీళ్లు కారడానికి కన్నం మీరే పెట్టిచ్చారుగా."