తలుపు పక్క పేరు

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో డ్రాయింగు మాస్టరుగా చేశాను. పిల్లవాడు బొమ్మ తెచ్చి చూపిస్తే అందులో బాగున్నదేదో నాకు కనపడేది కాదు, వంకర పోయిన గీతే ముందు కనపడేది. ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టి ఇచ్చేవాణ్ని. "చలపతిరావు సారు మెచ్చుకుంటే ఆ రోజు వాన పడతది" అని పిల్లలు అనుకునేవారట. రిటైరయ్యాక ఆ సంగతి తెలిసి కోపమొచ్చింది. నిజమే కదా అని తర్వాత ఊరుకున్నాను.

ముత్తంగి దాటాక హైవే మీంచి లోపలికి తిరిగే రోడ్డులో ఉంటుంది మా వీధి. మా ముందున్న ఫ్యాక్టరీ రెండు వేల ఒకటిలో మూతపడింది. గేటుకు ఎదురుగా రాజారావు కట్టించిన ఏడు మల్గీలు, అంటే వరసగా షట్టర్లున్న కొట్లు, ఉండేవి. కిరాణం, టైలరు, సైకిల్ రిపేరు, చాయ్ హోటలు, అన్నీ షిఫ్టు వదిలినప్పుడు వచ్చే మనుషుల మీదే బతికేవి. మనుషులు రావడం మానేశాక ఒక్కో షట్టరూ దిగిపోయింది. రెండేళ్లు గడిచేసరికి ఆ రోడ్డున పోవాలంటేనే దిగులుగా ఉండేది. పనులు పోయిన ఇళ్లలో ఒకరి మొహం ఒకరు చూడటం కూడా తగ్గింది.

రాజారావు సంగారెడ్డిలో ఉంటాడు. ఖాళీగా ఉంటే ఎలుకలు చేరతాయని మధ్య మల్గీ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పిల్లలకు బొమ్మలు నేర్పుకోమన్నాడు. తిట్టకుండా నేర్పమని కూడా అన్నాడు, అది నేను విననట్టే ఊరుకున్నాను.

పిల్లలు వచ్చారు. వాళ్లను తీసుకుపోవడానికి తల్లులు వచ్చారు, వచ్చినవాళ్లు వెళ్లలేదు. నెల తిరక్కుండా నేలంతా ముగ్గులు. ఫకృన్నీసా అనే అమ్మాయి చేతులకు పెట్టే గోరింటాకు తీగలన్నీ గోడ మీద దింపింది. పనిలేని మగవాళ్లు మొదట్లో గడప బయట కూర్చుని చూసేవారు, తర్వాత సున్నం బకెట్లు మోశారు. పక్క మల్గీ కూడా తెరవాల్సి వచ్చింది. లోపల్లోపల నాకు పండగ్గానే ఉంది. పైకి మాత్రం ముగ్గులో చుక్కలు సమంగా లేవని రోజూ ఎవరినో ఒకరిని అంటూనే ఉన్నాను.

అప్పుడే ఒక పొద్దున జైతూన్ బీ మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త గులాం మొహమ్మద్ బోర్డులు రాసే పెయింటరు. ఆ ఏడు మల్గీల మీద బోర్డులన్నీ ఆయన చేతివే. పటాన్‌చెరులో ఫ్లెక్సీ మిషన్ వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు లేకుండా పోయారు.

"సారూ, ఆయన బ్రష్షు ముట్టక ఏడు నెల్లయింది," అంది జైతూన్ బీ. "పొద్దంత గోడ దిక్కు సూస్కుంట కూసుంటడు. జహీరాబాద్ల ఏదో గోదాం కాడ వాచ్‌మెన్ పనికి పోతనంటున్నడు. మీ మల్గీల ఏదన్న రాయించుకోండ్రి. పైసల్ వద్దు. చెయ్యి ఆడితే చాలు."

సరేనన్నాను. కానీ ఆమె వెళ్లాక పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. గులాం భాయ్‌కి తెలుగు చదవడం రాదు. ఉర్దూ చదువుతాడు, తెలుగు అక్షరాలను మాత్రం బొమ్మల్లా చూసి దించుతాడు. చీటీ మీద రాసిస్తే చాలు, ఉర్దూ రాసినట్టే కుడి చివరి అక్షరంతో మొదలుపెట్టి ఎడమకు వస్తాడు. పూర్తయ్యాక చూస్తే ఎక్కడా తేడా ఉండదు. పన్నెండేళ్ల కింద కిరాణం బోర్డు రాస్తూ ఆయన సున్నతో మొదలుపెట్టడం చూసి నేను పది మందిలో పకపకా నవ్వాను. తోకతో మొదలుపెట్టి ఏనుగును గీసేవాణ్ని ఇప్పుడే చూస్తున్నానన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన సగం షట్టరు దించుకుని, ఎవరూ లేనప్పుడే రాసేవాడు. నాకు అది గుర్తున్నట్టు ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

మల్గీలో చెయ్యి వేసిన పన్నెండు మంది పేర్లు గోడ మీద వరసగా రాయిద్దామని చెప్పాను. అందరికీ నచ్చింది. రంగు సుద్దతో పన్నెండు గళ్లు గీసి ఎవరి చోటు ఏదో చూపించాను. అక్కడే చిక్కొకటి ఉంది. వాళ్లలో ముత్యమ్మకూ పోశమ్మకూ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. నీళ్ల ట్యాంకరు దగ్గర ఒకరి బిందె ఒకరు జరిపారని మొదలైన తగాదా అది. అంతకు ముందు వదినా అంటే వదినా అనుకున్నవాళ్లు, తర్వాత ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తిరిగేవారు. అందుకని ముత్యమ్మకు తలుపు పక్క మొదటి గడి, పోశమ్మకు లోపలి మూల చివరి గడి ఇచ్చాను. ఇద్దరికీ చదువు రాదు. ఎవరి గడి ముందు వాళ్లు నిలబడి చేత్తో తడిమి చూసుకుని వెళ్లిపోయారు.

పేర్లు పన్నెండు చీటీల మీద రాసి, ముత్యమ్మ చీటీ అన్నిటికన్నా పైన పెట్టి, వరస తప్పొద్దని చెప్పి గులాం భాయ్‌కి ఇచ్చాను. మర్నాడు చుట్టాల పెళ్లికి జోగిపేట పోయి ఐదు రోజులు అక్కడే ఉండిపోయాను.

తిరిగి వచ్చిన రోజు పొద్దున్నే మల్గీలోకి వెళ్లాను. పేర్లు ఎంత బాగున్నాయంటే, నీలం అక్షరాలకు సన్నటి నల్లని అంచుతో, కాసేపు నాకు తప్పులు వెతకాలనే తోచలేదు. తర్వాత చూశాను. తలుపు పక్క గడిలో ఉన్నది పోశమ్మ పేరు. లోపలి మూలన ముత్యమ్మ పేరు. మధ్యలోనివన్నీ అలాగే తిరగబడి ఉన్నాయి. గులాం భాయ్ వరస తప్పలేదు, కుడివైపు నుంచి మొదలుపెట్టాడంతే. ఎటు నుంచి రాయాలో నేను చెప్పలేదు. మొదలంటే ఎడమ కాక మరెటు ఉంటుందనుకునే రకాన్ని నేను.

చదువొచ్చినవాళ్లు తమ పేరు ఎక్కడుంటే అక్కడ చూసుకుని సంతోషించారు. గడి మారిందని ఎవరికీ పట్టలేదు. రానిది ఆ ఇద్దరికే. ముత్యమ్మ రోజూ పొద్దున వచ్చి తలుపు పక్క పేరును తడిగుడ్డతో తుడిచి పసుపు, కుంకుమ బొట్టు పెడుతోంది. పోశమ్మ లోపలి మూలకు పోయి బంతిపూలు గుచ్చుతోంది. ఎవరి పేరుకు వాళ్లు చేసుకుంటున్నామనే ఇద్దరూ అనుకుంటున్నారు.

చూసినవాళ్లకు మాత్రం అది వేరేలా కనపడింది. పోశమ్మ కోడలు ఏడో తరగతి దాకా చదువుకుంది. ముత్యమ్మ తన అత్త పేరుకు బొట్టు పెట్టడం కళ్లారా చూసింది. అత్త ముందర ఈ మాటెత్తితే ఎక్కడ చెడుతుందోనని ఏమీ అనకుండా, ముత్యమ్మకు జ్వరమొచ్చిన నాడు అత్త పంపిందని చెప్పి వేడిగా జొన్న గట్క వండి పట్టుకెళ్లింది. అటు ముత్యమ్మ భర్త నర్సన్న తన భార్య పేరుకు పోశమ్మ పూలు పెట్టింది చూసి, చెప్పాపెట్టకుండా పోయి ఆమె ఇంటి రేకులు సరిచేసి వచ్చాడు. ఇద్దరాడవాళ్లకూ ఇదంతా ఎందుకు జరుగుతోందో అర్థం కాక బిత్తరపోతున్నారు. వీధి వీధంతా వాళ్లు కలిసిపోయారని గుసగుసలాడుకుంటూ, దిష్టి తగులుతుందని వాళ్ల ముందు నోరు మూసుకుంటోంది.

నిజం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. గులాం భాయ్‌ని నిలదీద్దామని ఆయన ఇంటికి బయల్దేరాను కూడా. గుమ్మంలోనే జైతూన్ బీ ఎదురొచ్చి, ఆయన పొద్దున్నే లేచి బ్రష్షులన్నీ కిరసనాయిల్‌లో కడుక్కున్నాడని, ఇంకా ఖాళీ గోడ ఉందా అని అడుగుతున్నాడని చెప్పింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఈ తప్పు బయటపడితే, అందులోనూ నా నోటి నుంచి బయటపడితే, ఆ మనిషి మళ్లీ బ్రష్షు ముట్టడు. జహీరాబాద్ బస్సెక్కుతాడు. పక్క గోడంతా నీదే భాయ్ అని మాత్రం చెప్పి వచ్చేశాను. జీవితంలో మొదటిసారి ఒక తప్పును చూసి నోరు మూసుకున్నాను. అది మూడు వారాలు నిలిచింది.

ఒక శనివారం మధ్యాహ్నం గులాం భాయ్ పక్క గోడ మీద పిల్లల పేర్లు రాస్తున్నాడు. ఈసారి షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. ముత్యమ్మ పలక పట్టుకుని వచ్చింది. సోమవారం మనుమరాలిని బడిలో వేస్తున్నారట. బడి కాగితాల మీద తాను వేలిముద్ర వెయ్యనని, సంతకమే పెడతానని పంతం పట్టిందట. గోడ మీది పేరు చూసి చూసి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేల మీద బొగ్గుతో దిద్ది దిద్ది నేర్చుకుందట.

"జెర సూడుండ్రి సారూ, మంచిగొచ్చిందా?" అని పలక నా ముందు పెట్టింది.

పలక నిండా పెద్దపెద్ద అక్షరాలతో పోశమ్మ అని రాసి ఉంది. శ దగ్గర గీత కాస్త వంకర పోయింది కానీ మలుపు తప్పలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఎన్నడూ బలపం పట్టనిది, రాసింది. బాగుందని తలూపితే సోమవారం హెడ్మాస్టరు పది మందిలో చదువుతాడు. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఒకప్పుడు నేనే నవ్వాను.

"అచ్చరాలు మంచిగొచ్చినయి ముత్యమ్మా," అన్నాను. "కని గిది నీ పేరు గాదు. పోశమ్మది."

వెనకాల గులాం భాయ్ చెయ్యి ఆగిపోయింది. స్టూలు దిగి వచ్చి తలుపు పక్క గడి చూశాడు, లోపలి మూల చూశాడు. ఆయనకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టేసి గుడ్డతో చేతులు తుడుచుకోసాగాడు.

"నాకు మొదలు గిటు దిక్కే సారూ," అన్నాడు మెల్లగా, కుడి చెయ్యి చూపిస్తూ. "గోడ ఖరాబ్ చేసిన. తెల్ల రంగు గొట్టిస్త. ఇగ నాతోని గాదు."

నేను లేచి నిలబడ్డాను. తప్పు నాదని చెప్పాను. ఎటు నుంచో చెప్పనిది నేను, చూసి మూడు వారాలు దాచింది నేను అన్నాను. కిరాణం బోర్డు నాడు నవ్వింది అంతకన్నా పెద్ద తప్పని కూడా చెప్పాను. ఆ మాట అనడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. ఆయన విన్నాడు, కోపం కూడా తెచ్చుకోలేదు. అయినా తెల్ల రంగు డబ్బా మూత తీస్తూనే ఉన్నాడు. నా క్షమాపణతో ఆయన చెయ్యి ఆగే దశ దాటిపోయింది.

ముత్యమ్మ ఇంకా గోడనే చూస్తోంది. "అంటే గిన్ని దినాలు నేను దానికా బొట్టు వెట్టింది?" అంది. ఆమెకు ఆమే ఏదో లెక్క కట్టుకున్నట్టు, ఆ కోడలు పిల్ల గట్క తెచ్చింది ఇందుకేనా అని అడిగింది. తలూపాను. ఆమె పలక ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది. ఇప్పుడు పెద్ద గొడవ తప్పదనుకున్నాను.

గులాం భాయ్ పోశమ్మ పేరు మీదికి తెల్ల బ్రష్షు ఎత్తాడు.

"తుడ్వకు భాయ్," అంది ముత్యమ్మ. "గీడ నాకు అలవాటైంది. కిందికెల్లి జరంత జాగ ఉన్నది గద, నా పేరు గూడ గీడ్నే రాయి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ముత్యమ్మకు విసుగొచ్చింది.

"నువ్వు రాయకుంటె సోమారం నేను దేన్ని సూసి నేర్సుకోవాలె? రెండు దినాలే ఉన్నయి. జల్దీ రాయి."

ఆయన ఆమెను చూశాడు, ఒళ్లోని పలకను చూశాడు. తన చేతి అక్షరాలను దిద్దిన మనిషిని ఆయన అంతకు ముందు చూసి ఉండడు. తెల్ల డబ్బా మూత పెట్టేశాడు. నేను చీటీ మీద పేరు రాసి ఇచ్చాను. నీలం రంగులో బ్రష్షు ముంచి, అందరం చూస్తుండగానే రాయడం మొదలుపెట్టాడు.

సగం పేరు అయ్యేసరికి పోశమ్మ పూలతో వచ్చింది. ముత్యమ్మను చూసి అలవాటు ప్రకారం కొంగు సర్దుకుని లోపలి మూలకు నడిచింది. ఆమెను ఆపి సంగతంతా నేనే చెప్పాను. తిట్లు పడతాయనే అనుకున్నాను. పోశమ్మ నోరు నా నోటికేమీ తీసిపోదు. ఆమె చేతిలోని పూలవైపు ఒకసారి, గోడవైపు ఒకసారి చూసింది. ముత్యమ్మ తలెత్తలేదు, పలక మీద రాసింది ఆమెకు కనపడేలా అలాగే ఉంది.

పోశమ్మ దగ్గరికి వచ్చి వంగి ఆ పలకను చాలాసేపు చూసింది.

"గిది నేనా?" అని నన్ను అడిగింది. అవునన్నాను.

ఆమె పూలు పక్కన పెట్టి ముత్యమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నా పేరు నీకు రాయొస్తది," అంది. "నాకే రాదు. నేర్పు వదినా."

ముత్యమ్మ ముక్కు చీది, కళ్లు తుడుచుకుని, బలపం పోశమ్మ వేళ్ల మధ్య పెట్టి ఆ చెయ్యి పట్టుకుని పో దిద్దించింది.