ఇంటి వెనక దారి

నోజిబెలె మోకాలు పట్టుకుని, నీలం గుడ్డ మడత పీట మీద కూలబడి, ఒళ్లో ట్యాబు తుడుచుకుంటోంది. బుగ్గలకు ఎండ తగలకుండా ఎర్రమట్టి పూత. యాభై నాలుగేళ్ల మనిషి. పెళ్లెప్పుడని ఊరు అడగడం మానేసి కూడా చాలాకాలమైంది. ఈ కొండల్లో ఇల్లిల్లూ తిరిగి, ముసలివాళ్ల బుర్ర ఎంత చురుగ్గా ఉందో ఆ ట్యాబుతో కొలిచి ఆఫీసుకు పంపడమే నాలుగేళ్లుగా ఆమె పని. చురుగ్గా ఉంటే పచ్చ గుర్తు, మందగిస్తే ఎర్ర గుర్తు.

ఎదురుగా గుడిసె గడపలో ఎనభై ఒక్కేళ్ల మాడ్లోమో అవ్వ. వాకిట్లో ఆమె మరిది కొడుకు లిండిలె. వాడి ట్రక్కులో అవ్వ పరుపు అప్పుడే తాడేసి కట్టి ఉంది.

"రెండేళ్లు వరసగా ఎర్ర గుర్తే అక్కా. ఇవాళా అదే వస్తే ఉమ్టాటా పట్నంలో ముసలివాళ్ల ఆశ్రమానికే. ఒంటరిగా వదిలితే కొంప అంటిస్తుంది."

"ముందు నీ నోరు అంటుకోకుండా చూసుకోరా," అంది అవ్వ.

ఇక చివరి ఆట. తెర మీద మూడు గుడిసెలు, పశువుల దొడ్డి, దాని అవతల ఊట. ఇంటి నుంచి ఊటకు దగ్గరి దారి నిమిషంలో వేలితో గీయాలి. అవ్వ వేలు గుడిసెల వెనక్కి పోయింది. చుట్టూ, చుట్టూ. సగంలోనే గంట మోగింది. ఇంకొక్క అవకాశమే ఉంది.

లిండిలె ట్రక్కు తాళాలు తీశాడు.

"ఉండండి, గొంతు తడుపుకుని వస్తా." అవ్వ రేకు గ్లాసు తీసుకుని ఊటకు బయలుదేరింది. ఊట ఎదురుగానే ఉంది, దొడ్డి దాటితే చాలు. అవ్వ మాత్రం మూడు గుడిసెల వెనకనుంచి తిరిగి వెళ్లింది. అలాగే తిరిగి వచ్చింది.

"అడ్డంగా పోతే నాలుగడుగులేగా అవ్వా?" అంది నోజిబెలె.

"దొడ్డి ముందు నుంచా? అక్కడ మామగారు పడుకుని ఉంటే?"

దొడ్డి పక్కన సమాధి రాళ్లు. ఆయన పోయి నలభై ఏళ్లు.

"నేను కోడల్నే పిల్లా. కోడలు మామగారి దొడ్డి ముందునుంచి నడవకూడదు. నువ్వు జన్మంతా పుట్టింట్లో దర్జాగా తిరిగినదానివి. నీకెవరు చెప్తారు?"

నోజిబెలె తెర మీది దొడ్డిని చూసింది. ఎంతమంది కోడళ్లకు ఎర్ర గుర్తు పెట్టించిందో! ట్యాబు ప్రతి మాటా వింటుంది. సాయం చేశారని తనతో పనిచేసే ఇద్దర్ని ఆఫీసు ఇంటికి పంపేసింది.

"అవ్వా, ఈ బొమ్మ మీ అత్తిల్లు కాదు. పుట్టిల్లు." ట్యాబుకు వినబడేలా గట్టిగానే అంది.

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అవ్వ వేలు దొడ్డి ముందునుంచి లేగదూడలా దూకింది. తొమ్మిది సెకన్లు. పచ్చ గుర్తు.

లిండిలె వంగి చూశాడు. "నువ్వు చుట్టూ తిరిగేది అందుకా పెద్దమ్మా?" తాడు విప్పి, పరుపు లోపల పడేసి, ట్రక్కెక్కి పోయాడు.

సిగ్నలు దొడ్డి గుంజ దగ్గరే అందుతుంది. నోజిబెలె అవ్వ ఇచ్చిన టీ పట్టుకుని, పీట అక్కడికి జరుపుకుని ఫలితం పంపింది. టీ చల్లారకముందే ఆఫీసు నుంచి ఫోన్.

"ఎందుకు చెప్పావమ్మా? ఇది చెల్లదు. రేపొచ్చి ట్యాబు అప్పగించెయ్."

"అప్పగిస్తా సార్. కోడళ్లు గీసిన బొమ్మలన్నీ మళ్లీ ఒకసారి తీసి చూడండి. ఎవరూ దారి తప్పలేదు."

ఫోన్ పెట్టేసి గడప దగ్గరికి వచ్చింది.

"వచ్చే ఏడాది వస్తావుగా?" అంది అవ్వ, చెయ్యి వదలకుండా.

"రాకేం అవ్వా."

కొండ కింద బస్సు హారన్ వినిపించింది. ఎప్పుడూ దొడ్డి ముందునుంచే పోయే నోజిబెలె, ఆ పూట గుడిసెల వెనకనుంచి తిరిగి దిగిపోయింది.

అవ్వ గడపలోంచి చూసింది. పిలిచినా వినబడనంత దూరం. తనేమో అక్కడ అడుగు పెట్టదు. మామగారి రాళ్లకెదురుగా, ఎండలో, మరిచిపోయిన నీలం గుడ్డ పీట, నడుమ ఒక మనిషి కూర్చుని లేచిన గుంటతో.