దమ్ చేసిన గొట్టం

ఎయిర్‌పోర్టు టాక్సీ నడిపే ఘియాసుద్దీన్ కూతురు జకియాకు గుండెలో ఏదో పాడు ప్రోటీన్ పేరుకుపోతోంది. అది ఏ రకమో తేలితేగానీ మందు మొదలుపెట్టలేమన్నారు డాక్టర్లు. ఒక రకానికి వాడే మందు ఇంకో రకానికి వాడితే ప్రాణమే పోతుందట. అందుకని గుండెలోంచి సూదితో తీసిన ముక్కలో కొంత గొట్టంలో పెట్టి, ప్రోటీన్లను తూచి గుర్తుపట్టే మిషనున్న శంషాబాద్ ల్యాబుకు అతని చేతే పంపారు.

మిషను గది బయట బెంచీ మీద అతను కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

"అది నీ టాక్సీ కాదు ఘియాస్ భాయ్, హారన్ కొట్టినా జల్ది నడవది," అన్నాడు అటెండరు బాలమల్లు.

ఇంతలో మిషను చూసే రేవతి బయటికొచ్చింది. ఆమె ముఖం వాడిపోయి ఉంది.

"ఘియాసుద్దీన్ గారూ, దారిలో గొట్టం మూత ఎవరైనా తీశారా? అంతా మనిషి చర్మం, ఉమ్ములో ఉండే ప్రోటీన్లే కనపడుతున్నాయి. గుండెది వాటి కింద మునిగిపోయిందండీ."

"తీసినమమ్మా," అన్నాడతను, దాచేదేముందన్నట్టు. "పహాడీ షరీఫ్ దర్గాకు పోయిన. మౌలానా సాబ్ మూత తీసి, దువా చదివి దమ్ చేసిండు. నేనే మంచిగ లోపలిదాకా ఊదమన్న. బిడ్డ బతకాలె గద."

ఎప్పుడూ ఏదో ఒకటి అనే బాలమల్లు తల దించుకున్నాడు. అది చూశాకే ఘియాసుద్దీన్‌కు అర్థమైంది.

"నేనే పాడు జేసిన్నా?"

"దువాది తప్పు కాదండీ. గొట్టంలో తల వెంట్రుక పడినా అంతే, మిషను దాన్నే చూపిస్తుంది."

"మళ్ల ముక్క తీస్తరు గద?"

రేవతి దవాఖానకు ఫోన్ చేసింది. జకియా గుండె ఇంకో సూదికి ఆగదన్నారు. మొదట తీసినదాంట్లో అక్కడే మైనంలో దాచిన ముక్క మాత్రం గోటి పొర అంత మిగిలిందట.

"అదీ పోతే ఇక లేదండీ," అంది.

లేచినవాడు మళ్ళీ కూలబడ్డాడు. "నేను తేనమ్మా. వేరేటోళ్లను పంపుండ్రి. నా చెయ్యి మంచిది కాదు."

బాలమల్లు గ్లౌజులు జేబులో పెట్టుకున్నాడు. "డబ్బా నేను పట్టుకుంట. నువ్వు బండి నడుపు. లే భాయ్."

దవాఖాన నుంచి ల్యాబుకు తిరిగొచ్చే దారిలో సీలు వేసిన డబ్బా వెనక సీట్లో బాలమల్లు ఒళ్ళో ఉంది. ఘియాసుద్దీన్ మూతికి దస్తీ కట్టుకుని, అద్దం దించి, తల బయటికి పెట్టి నడుపుతున్నాడు. పక్కనుంచి లారీలు రాసుకుంటూ పోతున్నాయి.

"సీలున్నది భాయ్. తలకాయ లోపల పెట్టు. ఊపిరాడుతలేదా ఏంది?"

"ఆడుతున్నది," అన్నాడు ఘియాసుద్దీన్. "గందుకే."